అన్నీ కనిపిస్తున్నాయిగా, ఇంకేం?

శుక్లాలకు బొత్తిగా ఓర్పు లేదు. కాస్త ముదరగానే మసక, మసక అని మనిషి చేత అనిపిస్తాయి, ఆస్పత్రికి నడిపిస్తాయి, ఆపరేషన్ చేయించి పోయిన చూపు తిరిగి ఇప్పించేస్తాయి. గ్లకోమా, అదే మన పెద్దవాళ్ళు నీటికాసులు అనేది, అలా గోల చేసే రకం కాదు. హఠాత్తుగా కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పితో, వాంతులతో వచ్చే రకం ఒకటి ఉంది గానీ, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. అది మనిషిని ఎలాగూ ఆ రాత్రికే డాక్టరు దగ్గరకు పరిగెత్తిస్తుంది కాబట్టి మన సలహాలకు లొంగదు. మనకు కావలసింది రెండో రకం. నొప్పి లేదు, ఎరుపు లేదు, దురద లేదు. ఏళ్ళ తరబడి అడక్కుండా తీసుకుంటూ పోతుంది, తీసుకున్నది తిరిగి ఇవ్వదు.

ఇంత సౌకర్యంగా చూపు పోగొట్టుకునే మార్గానికి ఒక్కటే అడ్డంకి. చూపు తగ్గడానికి చాలా ముందే కంటి వెనక నరం ఆకారం మారడం మొదలవుతుంది. చూడవలసినవాళ్ళు చూస్తే అది కనిపించిపోతుంది. అప్పుడే పట్టుబడితే, ఒత్తిడి తగ్గించే మందు పడితే, చాలామందికి జబ్బు నెమ్మదించి బతికినంతకాలం పనికొచ్చే చూపు మిగిలిపోతుంది. కాబట్టి గండం గడవాల్సింది ఈ తొలి సంవత్సరాల్లోనే. ఆ తర్వాత పెద్దగా శ్రమ ఉండదు.

దేన్ని దాచాలో తెలియకుండా దాచలేం కనుక ముందు కొంచెం లోపలి సంగతి. రెటీనా అంతటి నుంచీ పది పన్నెండు లక్షల సన్నని నాడీ తంతువులు బయల్దేరి కంటి వెనక ఒక్కచోట చేరతాయి. అక్కడ ఒక్కసారిగా వంపు తిరిగి, జల్లెడలాంటి ఒక పొర కన్నాల్లోంచి దూరి, కంటి నరంగా మెదడు వైపు వెళతాయి. డాక్టరు కంటిపాపలోంచి చూసినప్పుడు ఆ చోటు ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి బిళ్ళగా అగుపిస్తుంది. దాన్ని డిస్క్ అంటారు. బిళ్ళ మధ్యలో పాలిపోయిన గుంట కప్, చుట్టూ నారింజ రంగు అంచు రిమ్. ఆ అంచంతా తంతువులే.

కంట్లో ఒత్తిడి ఆ కన్ను తట్టుకోగలిగినదానికంటే ఎక్కువైతే జల్లెడ పొర వెనక్కి వంగుతుంది. కన్నాలు వంకర తిరిగి, వాటిలోంచి వెళ్ళే తంతువులు నలుగుతాయి. రక్తం సరిగా అందకపోవడం కూడా తోడవుతుంది. తంతువులు చచ్చినకొద్దీ అంచు పల్చబడి గుంట పెద్దదవుతుంది. మామూలు కంట్లో సాధారణంగా అంచు కింది భాగం అన్నిటికంటే మందంగా ఉంటుంది, తర్వాత పైభాగం, ఆ తర్వాత ముక్కు వైపు, చివరికి చెవి వైపు. ఈ జబ్బు తరచుగా ఆ మందమైన కింది భాగాన్నో పైభాగాన్నో ముందు కొరుకుతుంది. అందుకే కింది అంచు పల్చబడిన డిస్క్ కనిపిస్తే అనుభవం ఉన్న డాక్టరు కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంటాడు. ఆయన చేతికి అంతదాకా అవకాశం ఇవ్వకపోవడమే మన కార్యక్రమం.

అందుకు మొదటి సాయం గోడమీది అక్షరాల బోర్డు. ఏటా కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళండి. అక్కడి అబ్బాయి అద్దాలు మార్చి మార్చి, "ఇప్పుడు బాగుందా సార్, ఇందాక బాగుందా?" అని అడుగుతాడు. కింది వరస గడగడా చదివేయండి. పావు పాయింటు పెరిగిందంటాడు, కొత్త ఫ్రేము చూపిస్తాడు, డబ్బు కట్టి వచ్చేయండి. దీన్నే ఇకమీదట కంటి పరీక్ష అని పిలవండి. అక్షరాలు చదివేది చూపు నడిమధ్య భాగం, గ్లకోమా సాధారణంగా దాన్ని ఆఖరికి మిగుల్చుతుంది. ముందు పోయేది పక్క చూపు, అదీ ముక్కలు ముక్కలుగా. కాబట్టి నరం సగం ఎండినవాడు కూడా ఆ బోర్డు ముందు ఫస్టు క్లాసులో పాసవుతాడు. ప్రభుత్వం వారు పెట్టే కంటి శిబిరాల్లో కూడా ఇదే సూత్రం పాటించండి. దగ్గర చూపు కళ్ళజోడు ఇస్తే పెట్టుకోండి, ఫలానా పెద్దాస్పత్రిలో చూపించుకోమని చీటీ ఇస్తే జేబులో పెట్టుకోండి. చొక్కా ఎలాగూ చాకిరేవుకు వెళుతుంది.

ఇంట్లో కూడా జాగ్రత్త. ఒక కన్ను మూసి రెండో కంటితో చూడటం వంటి చిలిపి పనులు ఎప్పుడూ చేయకండి. రెండు కళ్ళూ ఒకదాని లోటు ఒకటి కప్పుకుంటూ కాపురం చేస్తుంటాయి, మధ్యలో మనం దూరకూడదు. మెదడు కూడా మన పక్షమే. కనిపించని చోట నల్లటి మచ్చ పెట్టదు. పక్కనున్న గోడ రంగో ఆకాశమో తెచ్చి అక్కడ అతికించేస్తుంది. అందువల్ల జబ్బు ఉన్నవాళ్ళు "నల్లగా ఉంది" అని దాదాపు అనరు. "అక్కడ కాస్త అస్పష్టంగా ఉంటుంది", "ఎక్కడినుంచి వచ్చాడో ఉన్నట్టుండి వచ్చాడు" అంటారు. మీకూ అలా అయితే కారణాలు సిద్ధంగా ఉంచుకోండి. ఎడమ వైపు నుంచి ఆటో మీద పడబోతే ఆటోవాళ్ళంతే. ఆఖరి మెట్టు తప్పితే మేస్త్రీ కొలత తప్పు. సినిమా హాల్లో దారి తడుముకుంటే వయసు. ఈ మూడూ జనం ఇట్టే నమ్ముతారు.

ఇంతకీ ఎంత నష్టం వరకు ఇలా నెట్టుకురావచ్చు? చాలానే. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో హ్యారీ క్విగ్లీ బృందం చనిపోయినవారి కంటి నరాల్లో తంతువులు లెక్కపెట్టి 1982లో ఒక విషయం ప్రకటించింది. ఆ రోజుల్లో వాడే ఫీల్డ్ పరీక్షలో ఏ లోపమూ బయటపడక ముందే నలభై శాతం దాకా తంతువులు పోయి ఉండవచ్చని. మామూలు మనిషికే కాదు, పక్క చూపును కొలిచే పరీక్షకు కూడా అందకుండా అంత దూరం వెళ్ళవచ్చన్నమాట. ఇంతకంటే ప్రోత్సాహం ఏం కావాలి!

ఏ దౌర్భాగ్యం వల్లనో నిజమైన కంటి డాక్టరు దగ్గరకే వెళ్ళవలసి వస్తే, నర్సమ్మ చుక్కల మందు సీసాతో మీ వైపు వస్తున్నప్పుడు మెలకువగా ఉండండి. అవి కంటిపాప పెద్దది కావడానికి వేసే చుక్కలు. పడ్డాయంటే లోపలి బిళ్ళ, గుంట, అంచు అన్నీ విడమరిచి కనిపిస్తాయి. "బండి మీద వచ్చానమ్మా", "మధ్యాహ్నం మీటింగ్ ఉంది", "పోయినసారి వేస్తే సాయంత్రం దాకా ఏం కనపడలేదు" వంటివి వాడండి. అన్నీ నిజాలే కాబట్టి మనస్సాక్షి బాధ కూడా ఉండదు. ఇంకోరోజు ఎవరినైనా తోడు తెచ్చుకుని వస్తానని చెప్పండి. ఆ ఇంకోరోజును పంచాంగంలో వెతకవద్దు.

చుక్కలు తప్పించుకున్నాక ఒత్తిడి అంకె ఒకటి చేతికొస్తుంది. గాలి ఊదే మిషను ముందు గడ్డం ఆనిస్తే ఫట్‌మని కొడుతుంది, కాగితం మీద 17 అనో 18 అనో వస్తుంది. కంటి ఒత్తిడి 10 నుంచి 21 వరకు మామూలు అని ఎక్కడో చదివే ఉంటారు. ఇక్కడితో జబ్బు లేదని తీర్మానించి ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. ఆ 21 దేవుడు గీసిన గీత కాదు, చాలామంది కళ్ళు కొలిచి లెక్కగట్టిన గీత. 21 దాటినా ఏళ్ళ తరబడి నరం చెక్కుచెదరనివాళ్ళున్నారు, 16తో నరం ఎండిపోయేవాళ్ళున్నారు. ఒకే మనిషికి పొద్దున్న ఒక అంకె, సాయంత్రం ఒక అంకె. కంటి ముందుపొర, అదే కార్నియా, పల్చగా ఉన్నవాళ్ళకు మిషను అసలుకంటే తక్కువ చూపిస్తుంది. పైగా పల్చటి కార్నియా ఉన్నవాళ్ళకే ముప్పు ఎక్కువ. ఇవన్నీ డాక్టరు చెప్పబోతే, "ప్రెషర్ నార్మలే కదండీ" అని మధ్యలో అందుకోండి. ఈ ఒక్క వాక్యం పట్టుకుని ఏళ్ళు గడిపేసినవాళ్ళున్నారు.

ఒత్తిడి ఎక్కువగా ఉండి నరం ఇంకా బాగానే ఉందంటే మాత్రం పరిస్థితి విషమించినట్టే, ఎందుకంటే ఆ దశలో మందు పనిచేస్తుంది. అమెరికాలో అలాంటివాళ్ళు 1,636 మందిని చేర్చుకుని, సగం మందికి ఒత్తిడి తగ్గించే చుక్కలు వేసి, సగం మందిని ఊరికే గమనిస్తూ ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2002లో ఫలితం వచ్చింది. అయిదేళ్ళలో చుక్కలు లేనివాళ్ళలో 9.5 శాతం మందికి గ్లకోమా మొదలైతే, వేసుకున్నవాళ్ళలో 4.4 శాతానికే. ఇలాంటి అంకెలు ఇంట్లో ఆడవాళ్ళ చెవిన పడనివ్వకండి, వాళ్ళు మందు తెప్పిస్తారు.

ఆ అధ్యయనంలోనే మనకు పనికొచ్చే మరో సంగతి దొరికింది. డిస్క్ అంచు మీద ఒక్కోసారి సన్నని రక్తపు గీత పడుతుంది. పుల్లతో గీసినంత చిన్నది. కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో ఇంకిపోతుంది, మనిషికి తెలియనే తెలియదు. ఆ గీత పడిన చోట ముందుముందు అంచు కరిగిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి డాక్టర్లకు దాని మీద కన్ను. అయితే అధ్యయనంలో నమోదైన అలాంటి 128 రక్తపు గీతల్లో పరీక్ష సమయంలో డాక్టరు కంట కూడా పడ్డవి 21. మిగతా 107 తర్వాత డిస్క్ ఫోటోలను తాపీగా పరిశీలించినవాళ్ళకు దొరికాయి. చూశారా! నేరుగా లోపలికి తొంగిచూసిన నిపుణుడి నుంచి తప్పించుకున్నది ఫోటో దగ్గర దొరికిపోయింది. కనుక ఫోటో తీయించుకోకండి. తీశారా, కాపీ అడక్కండి. కాపీ ఇచ్చారా, ఇల్లు మారేటప్పుడు పాత కరెంటు బిల్లులతో కలిపి అమ్మేయండి. నరం బాగున్న రోజుల్లో తీసిన ఫోటో మీ చేతిలో ఉంటే అయిదేళ్ళ తర్వాత కొత్త ఫోటో పక్కన పెట్టి పోల్చేస్తారు, అంచు ఎక్కడ తగ్గిందో వేలు పెట్టి చూపిస్తారు. పాతది లేకపోతే పాపం డాక్టరుగారు, "పుట్టుకతోనే గుంట పెద్దదేమో" అని గడ్డం గోక్కోవాలి. నిజంగానే కొందరికి డిస్క్ పెద్దదిగా ఉండి గుంట కూడా పెద్దదిగా ఉంటుంది, ఏ జబ్బూ ఉండదు. ఈ సందిగ్ధాన్ని మనం కాపాడుకోవాలి.

చూసినంత మాత్రాన అర్థమైపోతుందనీ లేదు. 1851లో హెల్మ్‌హోల్జ్ కంటి లోపల చూసే పరికరాన్ని లోకానికి ఇచ్చాక, బెర్లిన్‌లో ఫాన్ గ్రేఫె అంతటి కంటి డాక్టరు గ్లకోమా కంట్లో డిస్క్ చూసి అది ఉబ్బి ముందుకు పొంగిందని రాశాడు. నిజానికది లోపలికి గుంట పడింది. ఒంటి కంటితో, వెలుగునీడల్ని బట్టి చూస్తే గుట్టకూ గుంటకూ తేడా తెలియదు మరి. ఆయన చేసిన పని ఏమిటంటే, ఎక్కువ కాలం పట్టకుండానే పొరపాటు గ్రహించి దిద్దుకున్నాడు. ఆ రెండో భాగం మనకు అనుసరణీయం కాదు.

ఈ రోజుల్లో ఇంకో పెద్ద ప్రమాదం ఓసీటీ. 1991లో బోస్టన్ దగ్గర పరిశోధకులు కనిపెట్టి ప్రకటించిన ఈ స్కాను ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లోకీ వచ్చేసింది. నొప్పి లేదు, ముట్టుకోరు, రెండు నిమిషాల్లో డిస్క్ చుట్టూ నాడీ తంతువుల పొర ఎన్ని మైక్రాన్ల మందం ఉందో కొలిచి రంగుల కాగితం చేతిలో పెడతారు. ఆకుపచ్చ అంటే ఆ వయసువాళ్ళలో మామూలే, పసుపు అంటే హద్దు మీద, ఎరుపు అంటే ఆ వయసులో నూటికి ఒక్కరికి కూడా అంత పల్చగా ఉండదని. ఈ కాగితాన్ని నిర్వీర్యం చేయడానికి మార్గాలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే తేలిక, సందు చివర షాపులో జిరాక్స్ తీయించి ఒరిజినల్ పారేయడం. నలుపు తెలుపులో ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద.

అది కుదరకపోతే రంగునే పట్టుకుని వేలాడండి. ఆకుపచ్చ వస్తే పటం కట్టించండి. పోయినేడు 108 మైక్రాన్లున్నది ఈ ఏడు 96కు దిగినా రంగు ఆకుపచ్చే ఉండవచ్చు, ఎవరూ అంకె చదవకుండా చూసుకోండి. ఎరుపు వస్తే దానికీ విరుగుడుంది. మైనస్ పవర్ బాగా ఎక్కువ ఉన్నవాళ్ళ కళ్ళు పొడుగ్గా ఉంటాయి, వాళ్ళకు జబ్బు లేకపోయినా మిషను ఎర్రరంగు పూస్తుంటుంది. మీ పక్కింటాయనకు అలా జరిగిందని విన్నారు కాబట్టి మీదీ అంతే అనుకోండి. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్ళకే గ్లకోమా ముప్పు కూడా ఎక్కువన్న సంగతి ఎత్తకండి. ఇక ప్రతిసారీ ఒకే చోట, ఒకే మిషను మీద తీయించుకోవడం పరమ తెలివితక్కువతనం. ఒకసారి విజయవాడలో, ఒకసారి హైదరాబాదులో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, ఒకసారి ఆఫర్ ఉందని ఇంకెక్కడో తీయించండి. ఒక కంపెనీ మిషను కొలతను ఇంకో కంపెనీ కొలతతో నేరుగా పోల్చడానికి వీల్లేదు. మూడు స్కాన్లకు డబ్బు కట్టి కూడా ఒక్క పోలికకు నోచుకోకపోవడం అందరికీ చేతనయ్యే విద్య కాదు.

ఫీల్డ్ పరీక్ష గురించి ఒక్క మాట. చీకటి గదిలో గిన్నెలాంటి తెర ముందు కూర్చోబెట్టి, చుక్క వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. కడుపునిండా భోంచేసి వెళ్ళండి. మిగతాది నిద్ర చూసుకుంటుంది.

ఇన్ని చేసినా ఫైలు మీద డాక్టరు "గ్లకోమా సస్పెక్ట్" అని రాసి, ఆరు నెలల తర్వాత రమ్మంటే కంగారు పడకండి. అనుమానమే గదా అన్నాడు, ఉందనలేదు గదా. ఆరు నెలలు కాగానే వెళితే అనుమానం తీరిపోయే ప్రమాదం ఉంది. "నొప్పి పుడితే వెళదాంలే" అని ఇంట్లో చెప్పండి. ఈ మాటకు గడువు లేదు, ఎందుకంటే ఆ నొప్పి పుట్టదు.

జబ్బును కాస్త తొందరపెట్టాలనుకునేవారికి మెడికల్ షాపు అండ ఉంది. కళ్ళు దురదపెడితే చీటీ లేకుండా వెళ్ళి, "పోయినసారి ఇచ్చిన తెల్ల మూత చుక్కలే ఇవ్వు తమ్ముడూ" అనండి. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు ఒక్క పూటలో మాయమవుతుంది, ప్రాణం లేచొస్తుంది. కొందరికి నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పైకి పోతుంది, ఆ కొందరిలో మీరున్నారో లేదో కొలిస్తే తప్ప తెలియదు. ఎండాకాలం వస్తే కళ్ళు నలుపుకునే పిల్లలకు ఇలా వేసి వేసి బడి వయసులోనే నరం పోగొట్టిన ఇళ్ళున్నాయి. ఇది మాత్రం వెటకారంగా రాయడానికి కలం ఒప్పుకోవడం లేదు, ముందుకు పోదాం.

శీర్షాసనం వేసేవారికి ప్రత్యేక అభినందనలు. తలకిందులుగా ఉన్నంతసేపూ కంటి ఒత్తిడి ఇంచుమించు రెట్టింపవుతుందని చెన్నైలో కొలిచి చూశారు. కంట్లో గ్లకోమా ఉందని తెలిసినా గురువుగారికి చెప్పకండి.

కర్మ కాలి మందు మొదలుపెట్టాల్సి వస్తే ఈ మార్గం ఉండనే ఉంది. రెండున్నర మిల్లీలీటర్ల చిన్న సీసా, రాత్రిపూట ఒక్క చుక్క. ఫ్రిజ్ తలుపులో కరివేపాకు కవరు వెనక పెట్టండి, దానంతటదే మరుపున పడుతుంది. నెల వాడి, "చూపేమీ పెరగలేదే" అని ఆశ్చర్యపోండి. అది చూపు పెంచే మందు కాదు, ఉన్నది ఉంచే మందు అని ఎవరైనా అంటే, ఉన్నదానికి మందెందుకని ఎదురు అడగండి. తర్కంలో మీరే గెలుస్తారు.

ఒంటరివాళ్ళమని దిగులుపడవద్దు. 1990ల చివర్లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రివాళ్ళు ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనంలో భాగంగా హైదరాబాదు నగరంలో జనాన్ని పిలిచి, చుక్కలు వేసి, లోపల చూశారు. ఈ రకం గ్లకోమా ఉన్నట్టు తేలినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. పల్లెలో కాదు, కంటి ఆస్పత్రులకు పేరుపడ్డ నగరంలో.

చివరగా కుటుంబం సంగతి. తల్లికో తండ్రికో తోడబుట్టినవాళ్ళకో ఉంటే మనకు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే చాలా రెట్లు ఎక్కువ, అందులోనూ తోడబుట్టినవాళ్ళ నుంచి హెచ్చు. కాబట్టి జబ్బు బయటపడ్డవాళ్ళు ఎవరికీ చెప్పకుండా ఉండటం ఉత్తమం. కొందరు ఆగలేక ఫోన్ చేస్తారు. అప్పుడు సంభాషణ ఇలా నడిపించాలి.

"ఒరేయ్ చిన్నోడా, నాకు కంటి నరం వీకైందంటున్నార్రా. తమ్ముళ్ళుంటే వాళ్ళనీ తీసుకురమ్మన్నాడు డాక్టరు. నలభై దాటింది గదా నీకు, ఒకసారి చూపించుకో."

"నాకేం అన్నయ్యా, పేపరు కళ్ళజోడు లేకుండానే చదువుతున్నా."

"నేనూ చదివేవాణ్ణేరా."

"సరేలే, సంక్రాంతికి వస్తాంగా, అప్పుడు చూద్దాం. వదిన బాగుందా? పొలం కౌలుకిచ్చారా?"

కౌలు మాట రాగానే అన్నయ్య అటు మళ్ళుతాడు.